కంబోడియా ఎలా చూడాలి: ముందు నాంపెన్, ఆ తర్వాతే అంగ్‌కోర్

మన దగ్గర్నుంచి కంబోడియా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది నేరుగా అంగ్‌కోర్ గుళ్ల పక్కనున్న సియెమ్ రీప్ ఊళ్లో దిగి, రెండు మూడు రోజులు గుళ్లు తిరిగి, వెనక్కి వచ్చేస్తారు. వీలైతే అలా చేయకండి. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సేనలు రాజధాని నాంపెన్‌లోకి వచ్చి ఊరు ఊరంతటినీ ఖాళీ చేయించాయి. 1979 జనవరి 7న వియత్నాం సేనల చేతిలో ఆ పాలన కూలేదాకా మూడేళ్ల ఎనిమిది నెలల్లో సుమారు 17 లక్షల నుంచి 20 లక్షల మంది ఆకలికీ, జబ్బులకీ, చాకిరీకీ, హత్యలకీ బలయ్యారు. దేశ జనాభాలో అది సుమారు నాలుగో వంతు. ఆ పాలన ఎగరేసిన ఎర్రజెండా మీద కూడా అంగ్‌కోర్ గోపురాల బొమ్మే ఉంది. అందుకే గుళ్లనీ, ఆ గాయాన్నీ విడదీసి చూస్తే రెండూ సగం సగమే అర్థమవుతాయి.

మా సలహా: కనీసం 8 రోజులు పెట్టుకోండి. నాంపెన్‌లో రెండున్నర రోజులు, దారిలో ఒక రోజు, సియెమ్ రీప్‌లో నాలుగు రోజులు. ఐదు రోజులే కుదిరితే అంగ్‌కోర్‌లో ఒక రోజు తగ్గించుకోండి, దారిలో ఆగడం మానేయండి. నాంపెన్‌ని మాత్రం వదలొద్దు.

1. ఎప్పుడు వెళ్లాలి

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉంటుంది, ఎండ భరించగలం. రద్దీ కూడా అప్పుడే. మార్చి నుంచి మే దాకా మన రెంటచింతల ఎండ గుర్తొస్తుంది. రాతి గుళ్లు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. జూన్ నుంచి అక్టోబర్ వానాకాలం. వాన ఎక్కువగా మధ్యాహ్నం పైన పడుతుంది కాబట్టి ఉదయాలు చేతికి దొరుకుతాయి. కందకాలు నిండుగా, నాచు పచ్చగా ఉండే రోజులవి. తొలిసారి వెళ్లేవాళ్లు నవంబర్ చివర గానీ, జనవరి గానీ చూసుకోండి.

రెండు పండుగలు గమనించుకోవాలి. ఏప్రిల్ 13-16 మధ్య వచ్చే ఖ్మేర్ కొత్త సంవత్సరం ఒకటి. రెండోది ప్చుమ్ బెన్. ఇది భాద్రపద మాసపు కృష్ణపక్షంలో పదిహేను రోజులు పితృదేవతలకు అన్నం పెట్టే పండుగ. వాళ్ల భాషలో ఆ నెల పేరు ఫోత్రబొత్, అంటే భాద్రపదమే. బెన్ అంటే పిండం. మన మహాలయ పక్షమూ అదీ చాలా ఏళ్లలో ఒకే రోజుల్లో పడతాయి. తెల్లవారకముందే విహారాలకు వెళ్లి అన్నం ముద్దలు వేస్తారు. దహనం, కర్మ ఏదీ లేకుండా పోయినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్న దేశమిది. ఆ ముద్దలు ఎవరికోసమో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో వెళ్తే దూరంగా నిలబడి చూడండి, ఫ్లాష్ వేయకండి. చివరి మూడు రోజులు సెలవులు: దుకాణాలు మూస్తారు, బస్సులు నిండిపోతాయి. టికెట్లు వారం ముందే కొనుక్కోవాలి.

2. వీసా, విమానం

భారతీయ పాస్‌పోర్టుకి వీసా కావాలి. దిగే తేదీ నుంచి కనీసం ఆరు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. పర్యాటక వీసా 30 రోజులది, ఒక్కసారి ప్రవేశానికి. ఇంట్లో కూర్చుని ఈ-వీసా తీసుకోవచ్చు, విమానాశ్రయంలో దిగాకా తీసుకోవచ్చు. విమానాశ్రయంలో రుసుము 30 డాలర్లు. సరిపడా నోట్లు, ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో చేతిలో ఉంచుకోండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. వెతికితే ముందు కనిపించేవి ఏజెంట్ల సైట్లు. ప్రభుత్వానిదిలాగే అలంకరించి రెట్టింపు వసూలు చేస్తాయి. చిరునామా చివర జీఓవీ డాట్ కేహెచ్ ఉంటేనే అది ప్రభుత్వ సైటు. వీసా కాకుండా ఈ-అరైవల్ అనే ఆన్‌లైన్ ఫారం కూడా ఉంది. ప్రయాణానికి ముందు వారంలోపు నింపాలి, దానికి రుసుము లేదు. దానికీ డబ్బు అడిగే సైటు కనిపిస్తే మూసేయండి. గడువు దాటి ఉంటే రోజుకి 10 డాలర్ల జరిమానా.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా వెళ్లడం మామూలు దారి. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండేలా కొనండి. విడివిడిగా కొంటే మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అందుకు ఆ దేశంలోకి ప్రవేశం కావాల్సి వస్తుంది. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే.

విమానాశ్రయాలు రెండూ కొత్తవి. సియెమ్ రీప్‌ది 2023 అక్టోబర్‌లో మొదలైంది, ఊరికి 40 కిలోమీటర్ల పైనే. నాంపెన్‌కి 2025 సెప్టెంబర్‌లో టెకో విమానాశ్రయం వచ్చింది. అదీ ఊరికి దక్షిణాన, దూరంగానే ఉంది. పాత సమాచారం చూసి 'విమానాశ్రయం పక్కనే' అని హోటల్ బుక్ చేస్తే పాత విమానాశ్రయం పక్కన తేలతారు. రాత్రి పొద్దుపోయి దిగేటట్టయితే హోటల్‌వాళ్లతోనే కారు మాట్లాడుకోండి.

బ్యాంకాక్ చూసుకుని రోడ్డు మీదుగా పొయ్‌పెట్ దాటి వెళ్లడం ఒకప్పుడు అందరూ చేసిన పని. 2025లో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాల మధ్య పోరు జరిగి ఆ సరిహద్దు దారులు మూతపడ్డాయి. ఆ దారిని లెక్కలోకి తీసుకోకండి. ఆ గొడవ మధ్యలో ఉన్నదే ప్రేహ్ విహియర్, కొండ అంచున ఉన్న శిఖరేశ్వరుడి గుడి. 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం కంబోడియాదేనని తేల్చింది, 2008లో యునెస్కో జాబితాలో చేరింది. గొప్ప గుడే, కానీ సరిహద్దు పూర్తిగా నెమ్మదించేదాకా అటు వెళ్లొద్దు. వియత్నాం వైపు నుంచి బవెత్ దగ్గర బస్సులో దాటవచ్చు.

ఇంకొక మాట, యాత్రకు సంబంధించింది కాకపోయినా చెప్పాల్సిందే. డేటా ఎంట్రీ ఉద్యోగమని, కాల్ సెంటర్ అని చెప్పి ఆంధ్ర, తెలంగాణ పిల్లలను పర్యాటక వీసా మీద కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి 2024లో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. పర్యాటక వీసా మీద ఉద్యోగం చేయడం కుదరదు. మీ ఇంట్లో కుర్రాడెవరైనా 'టికెట్ వాళ్లే పెడతారట' అంటే ఆపండి. పర్యాటకులు కూడా పాస్‌పోర్టు ఎవరి దగ్గరా తాకట్టు పెట్టొద్దు. బైక్ అద్దెకిచ్చేవాళ్లు అడుగుతారు, జిరాక్స్ మాత్రమే ఇవ్వండి.

3. డబ్బు

డాలరూ, రియెలూ రెండూ నడుస్తాయి. ఒక డాలర్‌కి సుమారు 4,000 రియెల్. మీరు డాలర్లలో ఇస్తే చిల్లర రియెల్‌లో వస్తుంది, మోసం కాదు. ఇంటి దగ్గరే 1, 5, 10, 20 డాలర్ల నోట్లు కలిపి తీసుకెళ్లండి. చిరుగు, ఇంకు మరక, మడత దగ్గర నలుపు ఉన్న నోటు ఏదీ అక్కడ చెల్లదు; గోరంత చిరుగైనా వెనక్కి ఇచ్చేస్తారు. బ్యాంకులో తీసుకునేటప్పుడే ఒక్కొక్కటీ తిప్పి చూసుకోండి. ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ నాలుగైదు డాలర్ల రుసుము పడుతుంది కాబట్టి కొంచెం కొంచెం తీయకండి. ప్రతి కొట్టు ముందూ క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. అది వాళ్ల దేశపు చెల్లింపుల పద్ధతి, కేహెచ్‌క్యూఆర్. ఫోన్‌పే ఉంది కదా అని నగదు లేకుండా బయల్దేరకండి.

ఖ్మేర్ రూజ్ డబ్బునే రద్దు చేసింది, కేంద్ర బ్యాంకు భవనాన్ని పేల్చేసింది. రియెల్ మళ్లీ పుట్టింది 1980లో. ఈ దేశం డాలర్‌ని ఎందుకు అంటిపెట్టుకుందో ఇది తెలిస్తే అర్థమవుతుంది. చిన్న ఖర్చులకి రియెల్ వాడితే అక్కడివాళ్లకి నచ్చుతుంది.

4. నాంపెన్: మొదటి రోజు మ్యూజియం

రాజభవనం పక్కనున్న ఎర్ర భవనం జాతీయ మ్యూజియం, 1920లో తెరిచారు. ప్రవేశం 10 డాలర్లు, ఉదయం 8 నుంచి 5 దాకా. రెండు గంటలు పెట్టుకోండి. గుళ్లలో ఇప్పుడు ఖాళీ పీఠాలే ఎక్కువ. వాటిమీద ఉండాల్సినవాళ్లు ఇక్కడున్నారు. ఫ్నోమ్ డా నుంచి తెచ్చిన ఎనిమిది చేతుల విష్ణువునీ, గోవర్ధనం ఎత్తిన కృష్ణుణ్నీ చూడండి. ఆ తర్వాత కోహ్ కేర్ శిల్పాల దగ్గర ఆగండి. కోహ్ కేర్‌లోని ప్రాసాత్ చెన్ గుడిలో భీమ దుర్యోధనుల గదాయుద్ధం ఒక సమూహంగా ఉండేది. అంతర్యుద్ధ కాలంలో దొంగలు పాదాల దగ్గర నరికి విగ్రహాలను అమ్మేశారు. అమెరికా చేరిన దుర్యోధనుడు, భీముడు ఇద్దరూ 2014లో ఇంటికొచ్చారు. తెగిన చీలమండలు చూస్తే, అంగ్‌కోర్‌లో తల లేని విగ్రహం కనిపించినప్పుడల్లా అది కాలం చేసిన పని కాకపోవచ్చని గుర్తుకొస్తుంది. మ్యూజియాన్ని ముందు పెట్టమనడానికి కారణమిదే.

రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త: అక్కడ వాహనాలు కుడివైపు నడుస్తాయి. మన అలవాటుకి కుడివైపు చూసి అడుగేస్తాం, బండి ఎడమ నుంచి వస్తుంది. ఊళ్లో తిరగడానికి గ్రాబ్, పాస్‌యాప్ అనే యాప్‌లు పెట్టుకుంటే బేరం బాధ ఉండదు.

5. రెండో రోజు: తువోల్ స్లెంగ్, చోయుంగ్ ఏక్

ఈ రోజుకి ఇంకే పనీ పెట్టుకోకండి. సాయంత్రం పడవ షికారు, విందు లాంటివి వద్దు.

ఉదయం 8కి తువోల్ స్లెంగ్ తెరిచే సమయానికి చేరండి. అది ఒక హైస్కూలు. ఖ్మేర్ రూజ్ దాన్ని ఎస్-21 అనే జైలుగా మార్చింది. 12 వేల నుంచి 18 వేల మందిని అక్కడ ఉంచారని అంచనా. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది. ప్రవేశం 5 డాలర్లు, ఆడియో గైడ్‌కి ఇంకో 5. ఆడియో తప్పక తీసుకోండి. గదుల్లో రాత తక్కువ. వినకుండా తిరిగితే ఖాళీ గదులు చూసి గంటలో వచ్చేస్తారు. వింటే రెండున్నర గంటలు పడుతుంది.

నాలుగు భవనాలు, ఏ నుంచి డీ దాకా. ఏ భవనంలో ఇనుప మంచాలున్న విచారణ గదులు. బీలో ఖైదీల ఫొటోలు: లోపలికి తెచ్చిన ప్రతి మనిషికీ ఫొటో తీశారు, పసివాళ్లకి కూడా. సీలో తరగతి గదులను ఇటుకలతో చీల్చి కట్టిన కొట్లు, బయట వరండాకి ముళ్లతీగ. పైనుంచి దూకి చచ్చిపోయే వీలు కూడా ఖైదీకి లేకుండా కట్టిన తీగ అది. ఆవరణలో ఉన్న 14 సమాధులు వియత్నాం సేనలు వచ్చేసరికి అక్కడ మిగిలిన మృతదేహాలవి. జైలు అధిపతి డూచ్ ఒకప్పటి లెక్కల మాస్టారు. 2010లో ప్రత్యేక న్యాయస్థానం దోషిగా తేల్చింది, 2012లో అప్పీలుపై యావజ్జీవం పడింది, 2020లో చనిపోయాడు.

పాటించాల్సినవి: భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు; ఫోన్ సైలెంట్; గదుల్లో ఫొటోలు వద్దు, సెల్ఫీ అసలే వద్దు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లకండి, ఒకరు బయట ఉండి వంతులు వేసుకోండి. తట్టుకోలేకపోతే ఆవరణలో చెట్ల కింద బల్లలున్నాయి, కూర్చోండి. మొత్తం చూసి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు.

మధ్యాహ్నం తేలిగ్గా తిని, ఊరికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న చోయుంగ్ ఏక్ వెళ్లండి. ఆటో లాంటి బండి, వాళ్లు రెమోర్క్ అంటారు, రానూపోనూ వెయిటింగ్‌తో 15-20 డాలర్లకు వస్తుంది. ప్రవేశం, ఆడియో కలిపి 6 డాలర్లు. ఎస్-21 ఖైదీలను రాత్రిళ్లు లారీల్లో తెచ్చి చంపిన చోటిది. 1980లో తవ్వినప్పుడు దాదాపు 9 వేల మంది అవశేషాలు దొరికాయి. మధ్యలో 1988లో కట్టిన స్తూపంలో పుర్రెలను అద్దాల వెనక అంతస్తులుగా పేర్చారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. బయట పువ్వులు, అగరొత్తులు దొరుకుతాయి.

వానలు పడ్డాక నేలలోంచి ఎముకలు, గుడ్డపీలికలు ఇప్పటికీ పైకి తేలతాయి. కాలిబాట వదలొద్దు. ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా సిబ్బందికి చెప్పండి.

ఇక్కడ బండివాళ్లు కొందరు 'పక్కనే తుపాకులు పేల్చే చోటుంది, వెళ్దామా' అంటారు. వద్దనండి. చావుల పొలం చూసి తుపాకీ పేల్చడానికి వెళ్లే మనిషిని ఆ ఊరివాళ్లు ఏమనుకోవాలి? అలాగే అనాథాశ్రమం చూపిస్తామన్నా వెళ్లొద్దు. పర్యాటకుల విరాళాల కోసం తల్లిదండ్రులున్న పిల్లలనే తెచ్చి పెట్టే చోట్లు బయటపడ్డాయి. మీరిచ్చే డబ్బే ఆ పిల్లల్ని ఇంటికి దూరం చేస్తుంది.

2025 జులైలో యునెస్కో ఈ రెండు చోట్లనూ, ఎం-13 అనే పాత జైలునూ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంగ్‌కోర్ ఏ జాబితాలో ఉందో ఇవీ ఇప్పుడు అదే జాబితాలో ఉన్నాయి.

6. మనుషులతో మాట

1975లో పదేళ్లున్నవాళ్లకి ఇప్పుడు అరవై దాటింది. మీ హోటల్ యజమానురాలు, కొట్టు పెద్దాయన ఆ రోజులను దాటి వచ్చినవాళ్లే. 'మీ ఇంట్లో ఎవరు పోయారు?' అని అడగకండి. వాళ్లే మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలు వేయకుండా వినండి. హంతకుల వైపు ఉన్నవాళ్లు, బాధితుల వైపు ఉన్నవాళ్లు పక్కపక్క ఇళ్లలో బతుకుతున్న ఊళ్లవి. రాజకీయాల మీద, రాజు మీద, సరిహద్దు గొడవ మీద మీ తీర్పు అక్కడ చెప్పాల్సిన పని లేదు.

నమస్కారాన్ని సంపెయహ్ అంటారు, మన నమస్కారమే. పెద్దవాళ్లకి చేతులు కాస్త పైకెత్తాలి. కృతజ్ఞతకి 'అర్‌కున్', అందులోని కున్ మన గుణమే. క్షమించమనడానికి 'సోమ్ తోహ్', తోహ్ అంటే దోషం. మీకన్నా కాస్త పెద్దవాళ్లను 'బాంగ్' అని పిలవండి, అన్నకీ అక్కకీ అదే మాట. ఎవరి తలా, పిల్లల తల కూడా, తాకకండి. ఆడవాళ్లు భిక్షువులను ముట్టుకోకూడదు, చేతికి నేరుగా ఏదీ ఇవ్వకూడదు.

7. తిండి

మాంసం తినేవాళ్లకి ఇబ్బంది లేదు. శాకాహారులకి చిక్కు చేపతోనే: 'కూరగాయలే' అని చెప్పిన వంటలోనూ చేపల సాస్, ప్రహోక్ అనే ముగ్గబెట్టిన చేపల ముద్ద పడతాయి. వాళ్ల లెక్కలో అవి ఉప్పు లాంటివి, మాంసం కావు. అందుకే 'శాకాహారం' అంటే సరిపోదు. 'ఒట్ యక్ సాచ్, ఒట్ యక్ త్రెయ్, ఒట్ యక్ తెక్ త్రెయ్' అనండి: మాంసం వద్దు, చేప వద్దు, చేపల సాస్ వద్దు. ఆ మాటలను ఖ్మేర్ లిపిలో హోటల్‌వాళ్లతో కాగితం మీద రాయించుకుంటే ఉచ్చారణ బాధ తప్పుతుంది. రెండు నగరాల్లోనూ భారతీయ హోటళ్లున్నాయి. గుళ్ల దగ్గర, దారిలో ఉండవు. వాళ్ల ప్రధాన భోజనం అన్నమే కాబట్టి ఒక పొట్లం కందిపొడి ఉంటే ఎక్కడైనా గడిచిపోతుంది.

8. సియెమ్ రీప్‌కి దారి

ఆరో నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 315 కిలోమీటర్లు, బస్సులో ఐదారు గంటలు. పెద్ద బస్సు పగటిపూటది ఎంచుకోండి. చిన్న వ్యాన్లు వేగంగా పోతాయి, రాత్రిపూట దారిలో పశువులు, దీపాల్లేని బళ్లు ఉంటాయి.

నలుగురుంటే కారు మాట్లాడుకోండి. సగం దారిలో కంపాంగ్ థోమ్ దగ్గర పక్కకు తిరిగి 30 కిలోమీటర్లు వెళ్తే సంబోర్ ప్రెయ్ కుక్. అదే ఈశానపురం, 7వ శతాబ్దంలో ఈశానవర్మ రాజధాని. అంగ్‌కోర్ వాట్ గుడి కంటే సుమారు అయిదు వందల ఏళ్లు పాతది. అడవిలో ఇటుక గుళ్లు, కొన్ని ఎనిమిది కోణాలవి. జనం ఉండరు. 1970ల బాంబుల గుంతలు గుళ్ల మధ్యే ఉన్నాయి. ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్ పాట్ పుట్టిన పల్లె కూడా ఈ రాష్ట్రంలోదే.

ఇక్కడ గానీ, ఏ మారుమూల గుడిలో గానీ తొక్కిన బాట వదిలి పొదల్లోకి పోవద్దు. మూత్రానికి కూడా. మందుపాతరలు తీసిన చోట్లు చాలా ఉన్నాయి, తీయనివీ ఉన్నాయి. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు కనబడితే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

9. అంగ్‌కోర్ పాస్

ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజుల పాస్ పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. ఏడు రోజులది నెలలోపు. పన్నెండేళ్లలోపు పిల్లలకి పాస్ అక్కర్లేదు, వయసుకి పాస్‌పోర్టు చూపాలి. పాస్ మీద మీ ఫొటో ఉంటుంది, ఇంకొకరికి చెల్లదు. పోతే మళ్లీ కొనాల్సిందే. గంటసేపు వాడినా ఒక రోజు ఖర్చయినట్టే. గుళ్ల దగ్గర అమ్మరు: ఊరి శివార్లలోని టికెట్ కేంద్రంలో లేదా అంగ్‌కోర్ ఎంటర్‌ప్రైజ్ వారి సైటులో మాత్రమే కొనాలి. సాయంత్రం ఐదు ప్రాంతంలో మర్నాటి పాస్ కొంటే ఆ సాయంత్రం సూర్యాస్తమయానికి కూడా పనికొస్తుంది, ఆ రోజు లెక్కలోకి రాదు.

మూడు రోజుల పాస్ కొనండి. ఒక్క రోజులో అన్నీ చూడాలని పరిగెత్తితే మూడో గుడికే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లైసెన్సున్న గైడుని మొదటి రోజుకి మాత్రం పెట్టుకోండి.

10. మూడు రోజులు ఎలా పంచుకోవాలి

మొదటి రోజు అంగ్‌కోర్ వాట్, ఆ తర్వాత కోట నగరం అంగ్‌కోర్ థోమ్. ఉదయం 5కి గేటు తెరుస్తారు. సూర్యోదయానికి లోపల ఎడమవైపు కొలను గట్టు మీద నిలబడతారు అందరూ. వెలుగు రాగానే జనం టిఫిన్లకు తిరుగుముఖం పడతారు. మీరు పోకండి. ఆ గంటన్నరే గుడి ఖాళీగా ఉండే సమయం. తిండి సంచిలో పెట్టుకుని వెళ్లండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు.

రెండో సూర్యవర్మ 12వ శతాబ్దంలో విష్ణువుకి కట్టిన గుడి ఇది, ముఖం పడమటికి. చుట్టుగోడ శిల్పాలను అప్రదక్షిణంగా, అంటే గుడి మీ ఎడమచేతి వైపు ఉండేలా చూడాలి. కథలు ఆ వరసలోనే నడుస్తాయి. పడమటి గోడ దక్షిణ భాగంలో మొదలుపెట్టండి. అదే కురుక్షేత్రం. అంపశయ్య మీద భీష్ముడు, అర్జునుడి రథం మీద నాలుగు చేతుల కృష్ణుడు: మన పిల్లలు చెప్పకుండానే గుర్తుపడతారు. దక్షిణ గోడ మొదటి సగంలో సూర్యవర్మ ఊరేగింపు, రెండో సగంలో 37 స్వర్గాలు, 32 నరకాలు, దున్న మీద యముడు, పక్కన చిత్రగుప్తుడు. తూర్పు గోడ మీద 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. ఉదయపు ఎండ దీనిమీదే పడుతుంది. పడమటికి తిరిగొస్తే ఉత్తర భాగంలో లంకాయుద్ధం, హనుమంతుడి భుజాల మీద రాముడు. శిల్పాన్ని తాకకండి, కొన్నిచోట్ల ఆ నల్లటి మెరుపు చేతుల జిడ్డుతో వచ్చిందే.

పై అంతస్తుని బాకాన్ అంటారు. మెట్లు నిటారుగా ఉంటాయి, ఒకసారికి వంద మందినే పంపుతారు, భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. మీద కండువా వేసుకుంటే చాలదు, చొక్కాకి చేతులుండాలి. పన్నెండేళ్లలోపు పిల్లల్ని పంపరు. బౌద్ధుల పర్వదినాల్లో మూస్తారు. అవి పక్షానికి రెండు: అష్టమి, పౌర్ణమి లేదా అమావాస్య. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ చూసి ఆ రోజుల్ని తప్పించుకోండి, ఒకరోజు అటూ ఇటూ వదిలి.

అంగ్‌కోర్ థోమ్‌లోకి దక్షిణ ద్వారం నుంచి వెళ్లండి: ఒకవైపు 54 మంది దేవతలు, ఒకవైపు 54 మంది అసురులు సర్పాన్ని పట్టి లాగుతుంటారు. లోపల బాయోన్, ఏడో జయవర్మది. ముఖాల గోపురాలకే ఫొటోలు తీసి వచ్చేయకండి. కింద గోడల మీద అంగడి, వంట, ప్రసవం, కోడిపందెం అన్నీ ఉన్నాయి. పక్కనే బఫువోన్. 1960ల్లో బాగుచేయడానికి సుమారు మూడు లక్షల రాళ్లు విప్పి, నంబర్లు వేసి నేల మీద పరిచారు. ఖ్మేర్ రూజ్ వచ్చింది, ఏ రాయి ఎక్కడిదో చెప్పే కాగితాలన్నీ నాశనమయ్యాయి. 1995లో మళ్లీ మొదలుపెట్టి ఒక్కో రాయీ జత కలుపుతూ 2011కి పూర్తి చేశారు. నాంపెన్ చూడకుండా వచ్చినవాళ్లకి ఇదొక మెట్ల గుడి మాత్రమే.

రెండో రోజు తెల్లవారే తా ప్రోహ్మ్, తర్వాత ప్రేహ్ ఖాన్, నీక్ పీన్. తా ప్రోహ్మ్ ఉదయం ఏడున్నరకి తెరుస్తారు. పదింటికి జనంతో ఊపిరాడదు. ఈ గుడి మరమ్మతులో మన భారత పురావస్తు శాఖ పాలుపంచుకుంది. అదే శాఖ 1986 నుంచి 1993 దాకా, ఇంకా యుద్ధం ఆగని రోజుల్లో, అంగ్‌కోర్ వాట్‌లో పనిచేసింది. పదకొండు నుంచి మూడు దాకా గదిలో ఉండి, సాయంత్రం ప్రే రూప్ గుడి ఎక్కండి. సూర్యాస్తమయానికి అందరూ వెళ్లే ఫ్నోమ్ బాఖెంగ్ మీదికి 300 మందినే ఎక్కనిస్తారు, నాలుగున్నరకే వరస నిండుతుంది.

మూడో రోజు బంతెయ్ స్రెయ్. ఊరికి 35 కిలోమీటర్ల పైన, కారులో వెళ్తే నయం. 967లో యజ్ఞవరాహుడనే పండితుడు ప్రతిష్ఠించిన శివాలయం. ఎర్రరాయి మీద చెక్కపని లాంటి చెక్కడం. గ్రంథాలయాలని పిలిచే చిన్న కట్టడాల నుదుట రావణుడు కైలాసం ఎత్తడం, ఖాండవ వనం మీద ఇంద్రుడి వాన వెతకండి. మన పాలంపేట రామప్ప గుడి చూసిన కళ్లకి ఇది బాగా దగ్గరవుతుంది. దారిలో మందుపాతరల మ్యూజియం ఉంది, గంట ఆగండి. పొద్దుంటే క్బాల్ స్పీన్ వెళ్లి కిలోమీటరున్నర కొండ ఎక్కితే సెలయేటి అడుగున చెక్కిన శివలింగాలు. వానాకాలం ఆఖర్లోనే నీళ్లుంటాయి.

నాలుగో రోజు పాస్ అక్కర్లేదు. సియెమ్ రీప్‌లోనే వాట్ థ్మెయ్ విహారంలో ఎముకల స్తూపం ఉంది, చిన్నది, పర్యాటకుల హడావుడి లేనిది. మందుపాతరలను వాసన పట్టే ఎలుకలకు శిక్షణనిచ్చే అపోపో కేంద్రం కూడా ఊళ్లోనే. మగావా అనే ఎలుక 39 పాతరలు పట్టి 2020లో బంగారు పతకం అందుకుంది. పిల్లలకి ఈ దేశపు యుద్ధం గురించి చెప్పడానికి తగిన చోటిది, తువోల్ స్లెంగ్ కాదు.

గుళ్ల ముందు పోస్టుకార్డులు అమ్మే పిల్లల దగ్గర కొనకండి, ఆ అమ్మకం బడి మాన్పిస్తుంది. ఒళ్లో బిడ్డతో 'డబ్బు వద్దు, పాలడబ్బా కొనివ్వండి' అని దుకాణానికి తీసుకెళ్లేవాళ్లుంటారు. మీరు వెళ్లగానే డబ్బా తిరిగి దుకాణానికే చేరుతుంది. పాత విగ్రహం అని ఎవరేం చూపినా కొనొద్దు. అసలైతే నేరం, నకిలీ అయితే నష్టం.

11. వచ్చే ముందు

రియెల్ దేశం బయట ఎక్కడా మారదు. మిగిలినవి సియెమ్ రీప్‌లోనే ఖర్చుపెట్టాలి. కాంత బొఫా అనే పిల్లల ఆస్పత్రులు పైసా తీసుకోకుండా వైద్యం చేస్తాయి. ప్రతి అంగ్‌కోర్ పాస్ నుంచి 2 డాలర్లు వాటికి వెళ్తాయి. సియెమ్ రీప్ ఆస్పత్రికి ఏడో జయవర్మ పేరు పెట్టారు. తన రాజ్యంలో 102 వైద్యశాలలున్నాయని ఆయన తా ప్రోహ్మ్ శాసనంలో చెక్కించాడు. విరాళం పెట్టె అక్కడుంటుంది. పర్యాటకుల రక్తం కూడా తీసుకుంటారు. ఇవ్వాలనుకుంటే పాస్‌పోర్టు తీసుకుని ఉదయం, కడుపునిండా తిని వెళ్లండి. ఇచ్చిన రోజు గుళ్ల మెట్లెక్కకండి.